చీవాట్ల వాటా

పెద్దమేడమ్ నోటి నుంచి "బాగుంది" అనే మాట రాలడం కోసం ఆ ఆస్పత్రిలో సర్జరీ నేర్చుకునే డాక్టర్లు నెలల తరబడి కాచుకుని ఉంటారు. సోమవారం పొద్దున ఆ మాట విన్న డాక్టరమ్మాయికి మాత్రం ఒళ్ళు మండింది.

ఆవేళ మొదటి కేసు ఆమెదే. గజ్జల్లో దిగిన హెర్నియా. లోపలి పొరలు సరిచేసి, దోమతెర ముక్కలాంటి మెష్ పరిచి కుట్టి, చర్మం మీద చివరి కుట్టు వేసి దారం కత్తిరించింది. బల్లకు అవతల నిలబడ్డ పెద్దమేడమ్ ఒకసారి వంగి చూశారు. "బాగుంది. కట్టు వేసేసి, బయట వాళ్ళవాళ్ళతో మాట్లాడిరా అమ్మా," అన్నారు. అంతే. ఇంకో మాట లేదు. పెళ్ళికి వచ్చిన దూరపు బంధువుని భోంచేసి వెళ్ళమన్నట్టు అన్నారు.

ఆమెను అందరూ ర్యాంకు అంటారు. ప్రవేశ పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకుని వచ్చింది కాబట్టి నర్సుల దగ్గర్నుంచి స్ట్రెచర్ తోసేవాళ్ళ దాకా అదే పేరు. మొహం మీదే అంటారు. ఆమెకు కోపమేమీ లేదు, లోలోపల ముచ్చటే. ఆమెతోపాటే చేరిన కుర్రాడికి నత్త అని పేరు పడింది. అతను ఒక ముడి వేసేలోగా మత్తు డాక్టరు ఓ కునుకు తీసి లేవొచ్చని థియేటర్లో జోకు. ఆ జోక్కి కుర్రాడే అందరికంటే ముందు నవ్వుతాడు. అలా నవ్వగలగడం కూడా ర్యాంకుకి ఈమధ్య గిట్టడం లేదు.

రెండో కేసు నత్తది. అదే జబ్బు, అదే ఆపరేషన్. ఈసారి గాయం అంచుల్ని కొక్కెంతో లాగి పట్టుకోవడం ర్యాంకు పని. అతను సూది చేతిలోకి తీసుకున్నాడో లేదో, పెద్దమేడమ్ మొదలుపెట్టారు.

"ఆగు. సూదిని ఎక్కడ పట్టుకున్నావు?"

"మధ్యలో మేడమ్."

"మధ్యలో పట్టుకుంటే వంగుతుంది. ఇంకాస్త వెనక్కి. ఆఁ. ఇప్పుడు మణికట్టు తిప్పు. మోచెయ్యి కాదు బాబూ, మణికట్టు! తలుపు గొళ్ళెం తీస్తున్నావా ఏంటి?"

నడుముకిచ్చిన ఇంజెక్షన్‌తో కాళ్ళు మొద్దుబారి పడుకున్న పేషెంటుకి చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి. ఆకుపచ్చ తెర అవతల నుంచి, "ఏమ్మా, ఏదైనా తేడా జరిగిందా?" అన్నాడు.

"ఏం లేదు పెద్దాయనా. పాఠం చెప్తున్నారు," అన్నాడు మత్తు డాక్టరు.

"నా మీదా?"

సిస్టర్ మాస్కు వెనక నవ్వు ఆపుకుంది. నత్త చెవులు ఎర్రబడ్డాయి. పెద్దమేడమ్ మాత్రం ఆగలేదు. ముడి వేస్తే విప్పించారు. మళ్ళీ వేస్తే, "ఇది ముడి. ఇందాకటిది చిక్కు," అన్నారు. ర్యాంకు కొక్కెం పట్టుకుని కళ్ళప్పగించి చూస్తూ నిలబడింది. మూడో కుట్టుకి అతని మణికట్టు సరిగ్గా ఎలా తిరగాలో అలా తిరిగింది. అది చూసింది ఇద్దరే. ఒకరికి సంతోషం వేసింది, ఇంకొకరు కొక్కెం అవసరానికి మించి లాగారు.

ఆపరేషన్ అయ్యాక పెద్దమేడమ్‌కి ఒక అలవాటుంది. గ్లవ్స్ తీసి చెత్తడబ్బాలో పడేసి, థియేటర్ బయట చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి వెళ్తారు. కత్తి పట్టినవాళ్ళని పక్కకి పిలుస్తారు. ర్యాంకు ఆ పెద్దాయన భార్యతో మాట్లాడి తిరిగి వచ్చేసరికి ఆవిడా, నత్తా అక్కడే ఉన్నారు. ఆవిడ సబ్బు నురగ చేతులతో గాల్లో కుట్లు వేసి చూపిస్తున్నారు. అతను తన చేతులు ఆవిడ చేతుల పక్కన పెట్టి, అలాగే తిప్పుతున్నాడు. ఆవిడ తలూపారు, కాదన్నారు, అతని బొటనవేలు పట్టుకుని వంచారు. కుళాయి అలా పారుతూనే ఉంది.

మొదట్లో ఈ తంతు చూస్తే ర్యాంకుకి జాలేసేది. పాపం, రోజూ తలంటే అనుకునేది. ఆ జాలి ఎప్పుడు విరిగి అసూయ అయిందో ఆమె గమనించుకోలేదు. ఆవిడ తన బొటనవేలు పట్టుకుని ఎన్నడైనా వంచారా? లేదు. నత్త వేసే కుట్లు ఇప్పుడు గీత గీసినట్టు వస్తున్నాయి. తన కుట్లు చేరిన రోజు ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి, బాగున్నాయి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగువాడి చీవాట్లు కూడా రుచేనని ఆమెకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

ఆ మధ్యాహ్నమే పెద్దమేడమ్ ఇద్దర్నీ నిలబెట్టి చెప్పారు. "శుక్రవారం హెర్నియా ఒకటుంది. మీ ఇద్దర్లో ఒకరు పూర్తిగా చెయ్యాలి. నేను గ్లవ్స్ వేసుకోను, ఓ పక్కన స్టూలు మీద కూర్చుంటాను. ఎవరన్నది గురువారం బోర్డు మీద రాస్తాను."

పెద్దమేడమ్ గ్లవ్స్ లేకుండా కూర్చున్నారంటే ఆ డాక్టరుకి ఇక చెయ్యి తిరిగినట్టే లెక్క. మర్నాటి నుంచి చిన్న కేసులు సొంతంగా ఇస్తారు. ఆ స్టూలు కోసమే ర్యాంకు ఇన్నాళ్ళూ కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది.

క్యాంటీన్లో నత్త టీ కప్పు పట్టుకుని ఎదురుగా కూలబడ్డాడు. "శుక్రవారం నీదేలే ర్యాంకూ. నీకేం, బాగుంది అని చేతులు దులిపేసుకుంటారు. నా బతుకే, రోజూ అక్షింతలు."

"ఇవాళ ఏం చెప్పారు?" చాలా మామూలుగా అడిగింది.

అతనికి దాపరికం లేదు. చెంచా తీసుకుని సూది పట్టుకున్నట్టు పట్టుకుని, బొటనవేలు ఎంత వంచాలో, ఎప్పుడు వదలాలో అంతా చూపించాడు. ఆమె టీ చల్లారిపోయింది. తర్వాత ఆడడాక్టర్ల గదిలో తలుపు గడియ వేసుకుని, పెన్ను పట్టుకుని అలాగే తిప్పి చూసుకుంది. పక్కవాడి తిట్లు దొంగిలించి నేర్చుకోవాల్సి వస్తోందని తన మీద తనకే రోత పుట్టింది. పైగా తిప్పుతున్నది సరో కాదో చెప్పేవాళ్ళు ఆ గదిలో లేరు. అద్దంలో తానొక్కతే ఉంది.

మంగళవారం కాలేజీ నుంచి ప్రొఫెసరు గారు వచ్చారు. ట్రైనీల బాగోగులు కనుక్కోవడం ఆయన పని. ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి, తలుపు వేసి, ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. అందరూ ఏమీ లేవంటారు. ఆయనా సంతోషంగా వెళ్ళిపోతారు.

"ఏమ్మా, అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది సార్."

లేచింది. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఆగింది. ఆ క్షణంలో నేరుగా తలుపు దాకా నడిచి ఉంటే ఈ కథ లేదు.

"నా గురించి కాదు సార్. నాతోపాటు చేరిన అతని గురించి. మేడమ్ అతన్ని అందరి ముందూ అంటారు. సిస్టర్లు నవ్వుతారు. పేషెంటు మెలకువగా ఉండి వింటూ ఉంటాడు. నిన్న ఒకాయన కంగారుపడిపోయాడు కూడా. అతను నోట్లో నాలుక లేని మనిషి, తనంతట తను చెప్పుకోడు."

ఒక్క ముక్క అబద్ధం లేదు. అబద్ధమంతా ఆ గొంతులోని దయలో ఉంది.

ప్రొఫెసరు గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది చెప్పడానికి ధైర్యం కావాలమ్మా. నీ పేరు బయటికి రానివ్వను. మంచి పని చేశావు."

బయటికొచ్చాక నత్త ఎదురై, "ఏం అడిగారు?" అన్నాడు. "మామూలే," అంది. వరండాలో నడుస్తుంటే కాళ్ళు తేలికగా ఉన్నాయి. అది ఆమెకు నచ్చింది. నచ్చినందుకు కాస్త సిగ్గేసింది గానీ, ఎక్కువసేపు నిలవలేదు.

బుధవారం థియేటర్లో ఏదో తేడాగా ఉంది. ఏమిటో మొదట ఎవరికీ అర్థం కాలేదు. కాసేపటికి తెలిసింది, నిశ్శబ్దంగా ఉంది. నత్త సూది పట్టుకున్నాడు, పెద్దమేడమ్ చూస్తున్నారు, నోరు మాత్రం విప్పడం లేదు. అతను అలవాటు కొద్దీ కుట్టు కుట్టుకీ ఆగి తలెత్తుతున్నాడు. ఆవిడ "ఊఁ" అంటున్నారు. ఒక ముడి వదులుగా వచ్చింది. అది ర్యాంకుకి కనిపించింది, ఆవిడకీ కనిపించింది. ఆవిడ పెదవులు మాస్కు కింద కదిలి ఆగిపోవడం కూడా కనిపించింది. చెయ్యి చాపి, మాట్లాడకుండా ఆ ముడి తనే సరిచేశారు.

"బాగుంది," అన్నారు చివర్లో. గ్లవ్స్ తీసేసి, తొట్టి దగ్గర గబగబా చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

నత్త అక్కడే నిలబడిపోయాడు. ఆవిడ ఏ ఫోనుకో వెళ్ళి ఉంటారు, తిరిగొస్తారనుకున్నట్టున్నాడు. చేతులు ఎప్పుడో కడుక్కున్నాడు, మళ్ళీ సబ్బు రాసుకున్నాడు. వరండా చివర తలుపు ఊగి ఊగి ఆగిపోయింది. అప్పటికి కుళాయి కట్టేశాడు.

రెండో కేసులో అతని చెయ్యి తొందరపడింది. నత్త తొందరపడటం ఆ థియేటర్లో ఎవరూ చూసి ఎరగరు. ఎందుకో అతనికి త్వరగా ముగించాలనిపించినట్టుంది, దారం రెండుసార్లు తెగింది. ఆవిడ ఏమీ అనలేదు.

బట్టలు మార్చుకుని బయటికొస్తూ ర్యాంకుని ఆపాడు. "నేనేం తప్పు చేశాను? నీకేమైనా తెలుసా?"

"ఏం తప్పు? బాగుందన్నారుగా."

"అదే. బాలేదు. నా చేతులు నాకు తెలీవా? అంత అధ్వానంగా కుట్టినా ఒక్క మాట అనలేదంటే, ఇక వీడికి చెప్పి లాభం లేదనుకున్నారన్నమాట." నవ్వబోయాడు గానీ రాలేదు. "తిడుతున్నంత కాలం బాగుపడతాననే నమ్మకం ఉండేది నాకు."

ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడింది. అయ్యో అనలేదు, అసలు సంగతీ చెప్పలేదు. "రేపు మామూలుగా ఉంటార్లే," అని బ్యాగు భుజాన వేసుకుంది. దొంగతనానికి ఫలితం చేతికందింది. ఇప్పుడు ఇద్దరికీ చెరో "బాగుంది". తొట్టి దగ్గర ఎవరూ లేరు. తనకి రాని వాటా పక్కవాడికీ రాకుండా పోయింది. ఇంతకంటే ఏం కావాలి? ఇంటికి నడుస్తూ ఎంత వెతుక్కున్నా సంతోషం జాడ లేదు.

బుధవారం వంట ఆమె వంతు. మొగుడు బ్యాంకు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. మనసు ఎక్కడో పెట్టి వండిందని వేరే చెప్పక్కర్లేదు. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"ఎలా ఉంది కూర?"

"బాగుంది."

ఆ మాట ఆమె చెవిలో సూదిలా దిగింది. అతనివైపు చూసింది. గ్లాసెడు మంచినీళ్ళు తాగి, ఇంకో గ్లాసు నింపుకుంటున్నాడు. తను ఒక ముద్ద తిని చూసింది. ఉప్పు! ఒకసారి వేసి, వేశానో లేదో అని మళ్ళీ వేసినట్టుంది.

"ఇంత ఉప్పుంటే చెప్పవేం?"

"పర్లేదులే, అన్నం ఎక్కువ కలుపుకుంటే సరిపోతుంది."

"అది కాదు. చెప్పడానికేం?"

అతను గ్లాసు కింద పెట్టాడు. చెప్పాలా వద్దా అని ఆలోచించి, ఇవాళ ఎందుకో చెప్పేశాడు. "పోయినసారి చెప్పాను. అప్పుడు స్టవ్వు మంట సంగతి వచ్చింది, నీ డ్యూటీల సంగతి వచ్చింది, మా అమ్మ నన్ను ఎంత గారాబంగా పెంచిందో అదీ వచ్చింది. ఉప్పు సంగతి మాత్రం రాలేదు. నీ దగ్గర దేనికైనా జవాబు ఉంటుందే తల్లీ. అన్నీ కరెక్టు జవాబులే, కాదనను. అందుకే నాకు మంచినీళ్ళు తాగడం సులువు."

"నేనంత..." అని మొదలుపెట్టి ఆపేసింది. ఆ వాక్యం చివర ఒక జవాబు ఉంది, మంచి జవాబు. దాన్ని కూరతో కలిపి మింగింది.

అంట్లు తోముతూ, తోమిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోమింది. పెద్దమేడమ్ ఎన్నాళ్ళుగా తన ముందు మంచినీళ్ళు తాగుతున్నారో ఇప్పుడు అర్థమైంది. ఆవిడ నత్తకి ఏదో ఎక్కువ పెట్టి, తనకి తక్కువ పెట్టారని ఇన్నాళ్ళూ రగిలిపోయింది. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది తనే. అయినా నత్త మీద అసూయ పోలేదు, ఇంకా పెరిగింది. అతను చెయ్యి అడ్డం పెట్టకుండా ఎలా తినగలిగాడు?

గురువారం పదిగంటలకల్లా బోర్డు మీద రాశారు. శుక్రవారం, హెర్నియా, ఆ ఎదురుగా ఆమె పేరు. సిస్టర్ "స్వీట్లెప్పుడు ర్యాంకూ?" అంది. మత్తు డాక్టరు చెయ్యి కలిపాడు. వెనకనుంచి నత్త వచ్చి, "కంగ్రాట్స్," అన్నాడు. అది మనస్ఫూర్తిగానే అన్నాడు, ఖర్మ.

"నేనే చెప్పానులే మేడమ్‌తో," అన్నాడు.

"ఏం చెప్పావు?"

"నీకే ఇవ్వమని. ఆవిడ ఏదో అనబోయి ఊరుకున్నారు. ఇంకో సంగతి, ఎవరితో అనకు. చర్మం జబ్బుల విభాగంలో సీటొకటి ఖాళీ అయిందట. అడుగుదామనుకుంటున్నాను. అక్కడ ముడులు వెయ్యక్కర్లేదు కదా."

జోకులాగే అన్నాడు. బోర్డు కేసి చూస్తూ చొక్కా చేతులు మడిచి, మళ్ళీ విప్పుకున్నాడు. ఆ చేతుల్లోకి ఆ తిప్పుడు రావడానికి ఎన్ని తిట్లు పట్టాయో ఆమెకు తెలుసు. ప్రతి తిట్టూ పక్కన నిలబడి లెక్కపెట్టుకుంది మరి. ఆ చేతులిప్పుడు మలాములు రాయడానికి పోతాయి. పోతే పోనీ, నాకేం అని ఒకసారి గట్టిగా అనుకుని చూసింది. అతకలేదు.

ఓపీ అయిపోయేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దమేడమ్ తన గదిలో చెప్పులు విడిచి, కాళ్ళు ఎదుటి కుర్చీ మీద పెట్టుకుని ఆపిల్ తొక్క తీస్తున్నారు. తొక్క తెగకుండా ఒకే పేటగా దిగుతోంది. ర్యాంకు తలుపు వేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, ప్రొఫెసరు గారితో మీ గురించి చెప్పింది నేను."

కత్తి ఆగలేదు. "ఎవరని నేను అడగలేదే."

"నేనే మేడమ్."

"సరే. నువ్వు చెప్పింది అబద్ధమా?"

"కాదు."

"పేషెంటు వింటుండగా వాణ్ణి అన్నానా లేదా?"

"అన్నారు."

"మరింకేం? మా గురువు నన్ను అలాగే అనేవాడు. నేనూ అంటూ వచ్చాను. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ తప్పమ్మా అని చెప్పలేదు. నువ్వు చెప్పావు, మానేశాను."

"మీరు మొత్తం మానేశారు మేడమ్. మీరు వదిలేశారనుకుంటున్నాడు అతను. డిపార్టుమెంటే మారిపోతానంటున్నాడు."

అప్పుడు ఆగింది కత్తి. ఆవిడ తొక్క తెంపి పక్కన పెట్టారు. "ఎలా చెప్పాలో తెలీలేదమ్మా," అన్నారు. "నోరు తెరిస్తే పాత మాటే వస్తుందేమోనని మూసుకున్నాను. ముసలిదాన్నైపోయాను, కొత్తగా మాట్లాడటం నేర్చుకోవాలి కాబోలు."

"నేను అతని మంచి కోసం చెప్పలేదు. ఓర్వలేక చెప్పాను."

"దేనికి ఓర్వలేక? వాడు తిట్లు తింటుంటేనా?"

"అవును మేడమ్. నాకు ఒక్కటీ రాలేదు."

పెద్దమేడమ్ పెద్దగా నవ్వారు. "ఇదెక్కడి రోగమే తల్లీ!" అన్నారు. నవ్వు దానంతటదే సన్నగిల్లింది. "నీకూ చెప్పాను. మొదటి నెలలో. ముడి జారిందన్నాను, దారం నాణ్యత బాలేదన్నావు. నిజమే, బాలేదు. తర్వాతోసారి లైటు. ఇంకోసారి సిస్టర్ అందించిన సూది. ప్రతిసారీ నువ్వే రైటు. రోజూ కోర్టుకెక్కే ఓపిక నాకెక్కడిది? పేషెంట్లు నడుచుకుంటూ ఇంటికెళ్తున్నారు కదా, బాగుంది అనేస్తే పోతుంది అనుకున్నాను. అది నా తప్పు. కానీ రేపటి కేసు నీకివ్వను."

ఒప్పుకున్నందుకు శిక్షా అని ర్యాంకుకి నోటి దాకా వచ్చింది.

"ఇది శిక్ష కాదు," అన్నారు ఆవిడ, ఆ జవాబు కూడా ముందే విన్నట్టు. "వాడి తప్పులన్నీ నాకు తెలుసు. ఎక్కడ తడబడతాడో కళ్ళు మూసుకుని చెప్తాను. అలాంటివాణ్ణి వదిలి స్టూలు మీద కూర్చోగలను. నీ తప్పులేంటో నాకు తెలీవు. నువ్వు చూడనివ్వలేదు, నేనూ చూడటం మానేశాను. పొద్దున బోర్డు మీద నీ పేరు రాసి, అప్పట్నుంచీ భయపడుతూ కూర్చున్నాను."

ర్యాంకుకి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ఏడుపు కూడా ఒక జవాబేనని తోచి, ఆపుకుంది.

"కూర్చో. తెలిసినంతవరకూ చెప్తాను. వింటావా?"

కూర్చుంది. ఆవిడ చెప్పసాగారు. కొక్కెం పట్టుకున్నవాళ్ళకి ఎటు లాగాలో చెప్పవు, వాళ్ళకే తెలియాలనుకుంటావు. కండని పట్టకారుతో నలిపేస్తావు, అది గుడ్డ కాదు. మొన్నొకసారి రక్తనాళం చిట్లితే నువ్వు ముందు చుట్టూ చూశావు, తర్వాత గాయం వైపు చూశావు. ప్రతి మాటకీ ఆమె నాలుక చివర ఒక జవాబు తయారైంది. ఆ రక్తనాళం రోజున తప్పు నిజంగానే పక్కవాడిది. అది కూడా మింగేసింది. పెద్దమేడమ్ అలవాటు కొద్దీ ప్రతి మాట తర్వాతా ఆగారు, జవాబు రాకపోయేసరికి మళ్ళీ మొదలుపెట్టారు. ఆపిల్ ముక్కలు రంగు మారిపోయాయి. అవమానంగా ఉంది, ఆకలి తీరుతున్నట్టూ ఉంది. ఈ రెండూ ఒకే కడుపులో ఎలా పడతాయో ఆమెకు అర్థం కాలేదు.

"వాడికి నేను చెప్పను," అన్నారు ఆవిడ చివర్న. "నువ్వే చెప్పుకో."

శుక్రవారం పొద్దున తొట్టి దగ్గర ఇద్దరూ మోచేతుల దాకా సబ్బు రాసుకుని రుద్దుకుంటున్నారు. బోర్డు మీద తన పేరు పడిందంటే నత్తకి ఇంకా నమ్మకం కుదరలేదు. నిన్న సాయంత్రం మేడమ్ తన గదికి పిలిచి, తలుపు వేసి, పాత లెక్కలన్నీ తేల్చారట. "మళ్ళీ తిట్టారు!" అన్నాడు, జీతం పెరిగినవాడిలా.

"నీకొకటి చెప్పాలి," అంది ర్యాంకు.

చెప్పింది. ప్రొఫెసరు గారి గది, కుర్చీ వీపు, దయగల గొంతు, ఏదీ దాచకుండా చెప్పింది. నత్త చేతులు పైకెత్తి నిలబడి విన్నాడు. నీళ్ళు మోచేతుల మీంచి కారుతున్నాయి. కడిగిన చేతులతో దేన్నీ తాకకూడదు. తలుపు విసిరికొట్టడానికైనా వీల్లేదు.

"నిజంగా నన్ను చూసి కుళ్ళుకున్నావా?" అన్నాడు.

"ఊఁ."

అతను వీపుతో తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

పేషెంటు ఒక బస్సు డ్రైవరు. కోసేది ఈ కుర్ర డాక్టరనీ, పెద్దమేడమ్ గదిలోనే ఉంటారనీ ముందే చెబితే సరేనన్నాడు. ఇప్పుడు తెర అవతల కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు, నిద్రో మెలకువో తెలియదు. పెద్దమేడమ్ గోడవార స్టూలు మీద, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అక్కణ్ణుంచి ఆవిడకి నత్త వీపే తప్ప గాయం కనిపించదు. ర్యాంకు కొక్కెం పట్టుకుంది. ఆ స్టూలు తన కోసం వెయ్యాల్సిన స్టూలు. ఆ బాధ గుండెలో రాయిలా అలాగే ఉంది.

"కాస్త నీ వైపుకి లాగు," అన్నాడు నత్త. గొంతులో స్నేహం లేదు. లాగింది.

అతని పని నెమ్మదిగా, శుభ్రంగా సాగింది. పొర తర్వాత పొర విప్పాడు. మెష్ పరిచాడు. మొదటి కుట్టు, రెండో కుట్టు. మూడో కుట్టుకి సూది దింపి, దారం లాగి, ముడి వెయ్యబోయాడు. అప్పుడు చూసింది ఆమె. దారం వంపు కింద, కొవ్వు చాటున, తెల్లగా సన్నటి పోగు. నరం. అతని వైపు నుంచి కనిపించదు, ఆమె వైపు నుంచి కనిపిస్తోంది. ముడి పడితే అది కూడా అందులో బిగుసుకుంటుంది. ఇవాళ ఎవరికీ తెలియదు. ఆ డ్రైవరు కొన్ని నెలల తర్వాత, కూర్చుంటే గజ్జల్లో నిప్పు పెట్టినట్టుందని వస్తాడు. అప్పుడు ఎవరు చేశారని కాగితాలు తీస్తే నత్త పేరు ఉంటుంది.

ఆ ఆలోచన వచ్చింది. రాలేదని అనడానికి లేదు. వచ్చి, రెండు దారపు కొసలూ అతని వేళ్ళ మధ్యకి చేరేంతసేపు ఉంది.

"ముడి వెయ్యకు," అంది, తెర అవతలికి వినబడనంత మెల్లగా. "దారం కింద తెల్లగా ఏదో ఉంది. నరమనుకుంటా."

నత్త వేళ్ళు ఆగిపోయాయి. వంగి చూశాడు. అతనికి ఏమీ కనిపించలేదు. తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. ఈ మనిషి తన మీద కుళ్ళుతో ఏం చేసిందో అతను విని ఇంకా గంట కాలేదు. ఇదీ అలాంటిదే ఎందుకు కాకూడదు? అతని చూపులో ఆ ప్రశ్న అచ్చుగుద్దినట్టుంది, ఆమె దానికి జవాబు చెప్పలేదు. గోడవార స్టూలు కిర్రుమంది. పెద్దమేడమ్ లేవలేదు.

అతను దారాన్ని వెనక్కి లాగేశాడు. పట్టకారు మొనతో కొవ్వును పక్కకి జరిపాడు. తెల్లటి పోగు పైకి తేలింది. దాన్ని సుతారంగా తప్పించి, కాస్త కిందుగా సూది దింపాడు. మణికట్టు ఎంత ముద్దుగా తిరిగిందంటే, ర్యాంకుకి కడుపులో మళ్ళీ భగ్గుమంది. ఒక ఒప్పుకోలుతో ఆరిపోయే మంట కాదది. ఇంకా చాలా రోజులు దాంతోనే పనికి రావాలి.

"ఇంకేమైనా కనిపిస్తోందా?" అన్నాడు నత్త, తలెత్తకుండా.

"రెండో కుట్టు మరీ బిగించావు. అక్కడ మెష్ ముడుచుకుంటోంది."

అతను రెండో కుట్టు వైపు చూశాడు. సిస్టర్ దగ్గర కత్తెర అడిగి తీసుకున్నాడు. ఆ కుట్టు కత్తిరించి, మళ్ళీ మొదటినుంచి వెయ్యసాగాడు.